లైనక్స్ ఎడిటర్‌లో తెలుగు సరిగా కనబడకపోతే: సమస్య - పరిష్కారం

కోడ్ ఇంగ్లీషులో ఉండి కామెంట్లు తెలుగులో రాసుకునేవాళ్లకూ, వికీపీడియా వ్యాసాలను ముందు ఎడిటర్‌లో దిద్దుకునేవాళ్లకూ తరచూ ఎదురయ్యే చిక్కులివి. ఏం జరిగినా ఫాంటుదే తప్పనుకుని ఒకదాని తర్వాత ఒకటి దించుకుంటూ పోతాం. లక్షణాన్ని బట్టి కారణం పోల్చుకుంటే ఆ శ్రమ చాలావరకు తప్పుతుంది.

అక్షరాల చోట ఖాళీ డబ్బాలు

సిస్టంలో తెలుగు ఫాంటే లేదు. డెజావూ శాన్స్ మోనో, హ్యాక్ లాంటి కోడింగ్ ఫాంట్లలో తెలుగు ఉండదు. ఉబుంటు, డెబియన్‌లలో ఫాంట్స్-నోటో-కోర్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, ఎడిటర్ మూసి మళ్లీ తెరవండి.

థ, ధ ఒకేలా ఉన్నాయి

థ మధ్యలోని చుక్క, ధ, ఫ, భల కింది చిన్న గీత 10 పాయింట్లలో కలిసిపోతాయి. ఇంగ్లీషుకు సరిపోయిన సైజు తెలుగుకు చాలదు. 13, 14కు పెంచి చూడండి. ఫాంటు ఎంచుకునేటప్పుడు "ద థ ధ, ప ఫ, బ భ, మ య" అని ఒక వరుస, సున్నా, ఇంగ్లీషు ఓ, ఒకటి, ఎల్, ఐ మరో వరుస టైపు చేసి, కాస్త వెనక్కి జరిగి చదవండి. తడుముకోవాల్సి వస్తే ఆ ఫాంటు వద్దు. రామభద్ర, రామరాజా అందమైనవే, కానీ అవి శీర్షికల కోసం చేసినవి. గంటల తరబడి చదవడానికి నా ఓటు నోటో శాన్స్ తెలుగుకే. అది పడనివాళ్లు మండలి వాడి చూడొచ్చు.

వత్తుల అడుగు తెగిపోతోంది

ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టి ఎడిటర్ వరుస ఎత్తు నిర్ణయించుకుంది. తెలుగులో పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి దాని కింద మరో వత్తు. వాటికి చోటు చాలదు. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో లైన్ హైట్ (వరుస ఎత్తు) సెట్టింగ్‌కు 1.7 ఇవ్వండి. 8 కంటే తక్కువ అంకె ఇస్తే ఫాంటు సైజుకు అన్ని రెట్లని, ఆపైన ఇస్తే అన్ని పిక్సెళ్లని అది అర్థం చేసుకుంటుంది.

వత్తులు విడిపోయి పొల్లులు కనిపిస్తున్నాయి

"స్త్రీ" అన్న ఒక్క అక్షరం, అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 6 సంకేతాలు. వాటిని కలిపి ఒక రూపం ఇవ్వడం షేపింగ్ ఇంజన్ పని. లైనక్స్‌లో ఎక్కువగా ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. కమాండ్లు టైపు చేసే గ్నోమ్ టెర్మినల్ మాత్రం తెరను సమానమైన గళ్లుగా కోసి ఒక్కో హల్లునూ దాని గడిలో పెడుతుంది. అందుకే అందులో విమ్, నానో లాంటి ఎడిటర్లు తెరిస్తే ఏ ఫాంటు పెట్టినా వత్తు కుదురుగా కూర్చోదు. ఇక్కడ ఫాంటు మార్చి లాభం లేదు, ఎడిటర్ మార్చాలి. కేట్, వీఎస్ కోడ్, గ్నోమ్ టెక్స్ట్ ఎడిటర్ బాగా చూపిస్తాయి. ఈమాక్స్ వదలలేనివాళ్లు దాన్ని టెర్మినల్‌లో కాకుండా సొంత విండోలో తెరవాలి. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అది హార్ఫ్‌బజ్‌నే వాడుకుంటోంది.

ఒక ఫాంటు పెడితే తెలుగు ఇంకేదో ఫాంటులో వస్తోంది

మీరు పెట్టింది ఇంగ్లీషు ఫాంటు. అందులో లేని తెలుగును ఎక్కడి నుంచి తేవాలో లైనక్స్‌లో ఫాంట్లను వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ తేలుస్తుంది. వీఎస్ కోడ్‌లో సులువు: ఫాంట్ ఫ్యామిలీలో ముందు ఇంగ్లీషు ఫాంటు, కామా పెట్టి తెలుగు ఫాంటు పేరు రాస్తే చాలు. కేట్ లాంటి ఎడిటర్లలో ఒక్క పేరే ఇవ్వగలం కాబట్టి ఫాంటుగా మోనోస్పేస్ (అక్షరాలన్నీ ఒకే వెడల్పు) అనే సాధారణ పేరునే ఎంచుకుని, ఫాంట్‌కాన్ఫిగ్ సొంత సెట్టింగుల ఫైలులో మోనోస్పేస్ అంటే ముందు డెజావూ శాన్స్ మోనో, తర్వాత నోటో శాన్స్ తెలుగు అని వరుస చెప్పాలి. ఎఫ్‌సీ-మ్యాచ్ కమాండ్‌కు మోనోస్పేస్ పేరు, తెలుగు భాషా సంకేతం ఇస్తే ప్రస్తుతం ఏ ఫాంటు దొరుకుతోందో తెలుస్తుంది.

డీటీపీ ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు

అచ్చు పనికి (డీటీపీ) వాడే అను ఫాంట్లలో టైపు చేసిన పాఠ్యం యూనికోడ్ కాదు. తెలుగు అక్షరాల బొమ్మల వెనక ఉన్నవి ఇంగ్లీషు సంకేతాలు. మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి మార్చి, ముఖ్యంగా సంయుక్తాక్షరాలను మూలంతో సరిచూసుకోండి.