పాత ఇంగ్లీషు పుస్తకంలో కాస్లాన్ అక్షరాన్ని గుర్తుపట్టే పద్ధతి

చెన్నైలో ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయంలో పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకం మీ ముందుకు వస్తే, మొదట ముఖపత్రం చూడకుండా లోపలి పుట తెరవండి. పేరు తెలిస్తే కన్ను మోసపోతుంది. కాస్లాన్, బాస్కర్‌విల్ ఆ శతాబ్దంలో ఇంగ్లండులో అచ్చు అక్షరాలు తయారుచేసిన ఇద్దరు; వారి అక్షరాలకూ వారి పేర్లే. బాస్కర్‌విల్ అక్షరాలు చదువరుల కళ్ళు పాడుచేస్తాయని వాదించిన ఒక పెద్దమనిషికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ పైభాగం చింపేసిన కాస్లాన్ నమూనా పత్రాన్ని బాస్కర్‌విల్‌దని చెప్పి చూపగా, ఆయన అందులోనే లోపాలన్నీ వరసగా ఎత్తిచూపారట. ఈ సంగతి ఫ్రాంక్లిన్ 1760లో బాస్కర్‌విల్‌కే రాశారు.

ముందు పుటను చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. కాస్లాన్ పుట కాస్త ముదురుగా, నేసిన బట్టలా ఒకే తీరుగా కనబడుతుంది. బాస్కర్‌విల్ పుటలో సన్నగీతకూ లావుగీతకూ తేడా ఎక్కువ, అక్షరాలు వెడల్పు, తెలుపు ధారాళం. తరువాత భూతద్దం తీసుకోండి. కాస్లాన్ పెద్ద ‘ఏ’ కొన చదునుగా ఉండక చిన్న గుంట తీసినట్టు ఉంటుంది. చిన్న ‘జీ’ కింది సున్న మూసుకుని ఉంటుంది, బాస్కర్‌విల్‌లో అది తెరిచి ఉంటుంది. కాస్లాన్ ఇటాలిక్‌లో, అంటే వాలు అక్షరాల్లో, పెద్ద అక్షరాలు తలా ఒక వాలుతో నిలుస్తాయి. విడిగా చూస్తే ఎగుడుదిగుడుగా తోచే ఈ అక్షరాలే వరసలో కుదిరిపోవడం నాకు ఎప్పటికీ తీరని ఆశ్చర్యం.

ఆ చేతి తీరు ఎక్కడిదో తెలిస్తే గుర్తింపు సులువవుతుంది. వుస్టర్‌షైర్‌లోని క్రాడ్లీలో పుట్టిన విలియం కాస్లాన్ లండన్‌లో తుపాకుల లోహభాగాల మీద నగిషీ చెక్కే పనివాడు. అక్షరపు అచ్చు కూడా అలాంటి పనే: ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కి, దాన్ని రాగి బిళ్ళ మీద గట్టిగా కొట్టి, ఆ గుంటలో సీసపు మిశ్రమం పోత పోస్తారు. లండన్‌లోని క్రైస్తవ జ్ఞానవ్యాప్తి సంఘం 1720 ప్రాంతంలో ఆయనకు అరబ్బీ అక్షరాల పని అప్పగించింది. చెన్నైవాసులు గుర్తుంచుకోవలసిన సంగతి: 1761లో పుదుచ్చేరిలో ఇంగ్లీషు సైన్యానికి చిక్కిన ముద్రణయంత్రం వేపేరిలో అదే సంఘం తరఫున పనిచేస్తున్న మతప్రచారకుడు ఫాబ్రిషియస్ చేతికి వచ్చింది.

కాస్లాన్ తన నమూనా పత్రాన్ని 1734లో వెలువరించి, 1766లో మరణించారు. కానీ అక్షరాన్ని బట్టి మాత్రమే పుస్తకం కాలాన్ని తేల్చకండి, ఎందుకంటే 1840లలో ఇంగ్లండు ముద్రాపకులు ఆ పాత అచ్చులనే మళ్ళీ వాడారు. ‘ఎఫ్’ను పోలిన పొడుగు ‘ఎస్’ ఉందేమో, కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే గీతల జాడలు కనబడతాయేమో కూడా చూడండి; ఇవి పాతకాలపు పుస్తకానికి గుర్తులు. ఇంత చూశాక మీ నిర్ణయాన్ని చిన్న కాగితంపై పెన్సిలుతో రాసి పెట్టుకుని, అప్పుడు ముఖపత్రం తెరవండి.