ఇంట్లోవాళ్ల దగ్గర చేబదులైనా బ్యాంకు ద్వారానే

ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌కి డబ్బు తక్కువైతే మన ఇళ్లలో ముందు బయటికొచ్చేవి నోట్ల కట్టలే. తర్వాత లెక్క చెప్పలేక టెన్షన్. మియాపూర్‌లో కొన్నప్పుడు బాబాయి ఇచ్చిన 3 లక్షలు బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గానే తీసుకున్నాను. రిమార్క్స్‌లో ‘చేబదులు’ అని, తెల్లకాగితం మీద తేదీ, మొత్తం, ఇద్దరి సంతకాలు. తిరిగి కట్టేదీ అకౌంటు నుంచే. 20,000 లేదా ఆపైన అప్పు నగదుగా తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు, సొంత అన్నదమ్ముల మధ్యైనా సరే.

అప్పు కాదు, ఊరికే ఇస్తున్నారా? బాబాయి ఇస్తే పన్ను లేదు. బాబాయి కొడుకు ఇస్తే మాత్రం జాగ్రత్త! మనకి తమ్ముడే, చట్టం చెప్పే బంధువుల్లో లేడు. అలాంటివాళ్లు ఇచ్చినవన్నీ కలిపి ఏడాదిలో 50,000 దాటితే మొత్తానికీ పన్ను. మీ పెళ్లికి ఇచ్చిన కానుకలైతే వేరే సంగతి.