విండోస్ డ్రైవర్‌ను లైనక్స్‌కు మార్చే ముందు

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్. రాయి కోసే యంత్రాన్ని నడిపే పీసీఐ కార్డుకు (కంప్యూటర్ లోపల బిగించే కార్డు) విండోస్ ఎక్స్‌పీ డ్రైవర్ (కార్డును కంప్యూటర్ చేత నడిపించే ప్రోగ్రామ్) తప్ప మరొకటి లేదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. ఆ డ్రైవర్‌ను లైనక్స్‌కు మార్చే పనికి కూర్చునే ముందు రాసుకున్న జాగ్రత్తలివి.

• మోటారుకు కరెంటు తీసేయండి. కార్డులోని తప్పు రిజిస్టర్‌లో (ఆదేశాలు రాసే గడి) ఒక్క బిట్ పడినా రంపం తిరగవచ్చు. యజమాని తొందరపెడతారు, పట్టించుకోకండి.

• పాత హార్డ్‌డిస్కుకు పూర్తి నకలు తీయండి.

• కార్డు మీది రాతిపొడిని మెత్తటి బ్రష్‌తో దులపండి. మా కార్డు మీద పొడి ఎంత పేరుకుందంటే, చిప్ నంబరు చదవడానికి టార్చిలైటు ఏటవాలుగా పట్టాల్సి వచ్చింది. తయారీదారును, కార్డు రకాన్ని తెలిపే వెండర్, డివైస్ ఐడీలు కూడా రాసుకుని, లైనక్స్‌లో ఆ చిప్‌కు డ్రైవర్ ఇప్పటికే ఉందేమో చూడండి. ఉంటే సగం చాకిరీ తప్పినట్టే.

• లైనక్స్ కెర్నల్ (దాని గుండెకాయ) లైసెన్సు జీపీఎల్ 2, అంటే ప్రోగ్రామ్‌ను పంచితే దాని కోడ్‌నూ ఇవ్వాలనే లైసెన్సు. తయారీదారు కోడ్‌ను అనుమతి లేకుండా అందులో కలపకండి.

• అసలు చిక్కు ఇక్కడ: సీ భాషలో పూర్ణసంఖ్యలకు వాడే ‘లాంగ్’ అనే రకం విండోస్‌లో 4 బైట్లు, 64 బిట్ లైనక్స్‌లో 8. రిజిస్టర్ల స్ట్రక్చర్‌ను (వాటి వరుసను చెప్పే కోడ్) ఉన్నదున్నట్టు దించితే ఆ తర్వాతి చిరునామాలన్నీ జరిగిపోతాయి, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ మాత్రం కిమ్మనదు. యూ32 (ఎక్కడైనా 32 బిట్లే) వంటి కచ్చితమైన కొలత ఉన్న రకాలే వాడండి.

• ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (కార్డు సంకేతం ఇవ్వగానే నడిచే కోడ్) నిద్రపోయే, అంటే ఆగి ఎదురుచూసే ఫంక్షన్లను పిలవకండి.

• మొదటి పరీక్ష రాయి లేకుండా, ఎమర్జెన్సీ స్విచ్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టి చేయండి.