గ్రహాల నేల చదువుదాం – 5వ పాఠం: బిలాలు లెక్కపెట్టే ముందు

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. చంద్రుడి మీద ఎరటోస్తనీస్, కోపర్నికస్ అనే రెండు బిలాల్లో, అంటే ఆకాశంనుంచి రాళ్లు గుద్ది చేసిన గుంటల్లో, ఏది పాతది? బైనాక్యులర్‌తోనో చిన్న టెలిస్కోప్‌తోనో చూసి, కారణంతో సహా చెప్పమన్నాను. ఈసారి బిలాలను లెక్కపెట్టి నేల వయసు కట్టడం మొదలుపెట్టాలి. కానీ మీ జవాబులు చదివాక, ముందు వెనక్కి వెళ్లి ఆ ముడి విప్పాలనిపించింది.

ఎక్కువమంది రాసింది ఒకటే: కోపర్నికస్ దొరికింది, ఎరటోస్తనీస్ ఎంత వెతికినా కనబడలేదు. ఎప్పుడు చూశారో కూడా రాశారు కాబట్టి కారణం వెంటనే తెలిసింది. దాదాపు అందరూ పౌర్ణమికి ఒకరోజు అటో ఇటో చూశారు. ఏ రోజు చూడాలో చెప్పకపోవడం నా పొరపాటే. 58 కిలోమీటర్ల వెడల్పున్న ఎరటోస్తనీస్ నిండు చంద్రుడి మీద నిజంగానే కలిసిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు కూడా అప్పుడు తడుముకుంటారు.

నేల ఎత్తుపల్లాలను మనకు చూపించేది నీడ. పౌర్ణమినాడు సూర్యుడు మన వెనకనుంచి చంద్రుడి మీదికి వెలుగు వేస్తాడు. నీడలు పడినా అవి వాటి గుట్టల వెనకే దాగిపోతాయి, మన కంటికి రావు. అప్పుడు కనబడేది నేల రంగులోని తేడా మాత్రమే. కోపర్నికస్ చుట్టూ తెల్లని చారలున్నాయి కాబట్టి అది వెలుగుతుంది. ఎరటోస్తనీస్‌కు అలాంటివి మిగల్లేదు.

నేను క్యాలెండర్‌లో తిథి చూసుకుని టెలిస్కోప్ బయటికి తీస్తాను. దీనికి అంతకన్నా సులువైన పద్ధతి నాకు తెలియదు. సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడి మీద వెలుగు, చీకటి కలిసే గీత కూడా తిథికి 12 డిగ్రీలే జరుగుతుంది. శుద్ధ అష్టమి మధ్యలో ఆ గీత చంద్రబింబం నడుమ ఉంటుంది. ఎరటోస్తనీస్ అక్కడికి పడమరగా 11 డిగ్రీల దూరంలో ఉంది, అంటే దానికి సూర్యోదయం నవమినాడు. కోపర్నికస్ 20 డిగ్రీల దూరంలో ఉంది, దానికి దశమినాడు. చంద్రుడు కొద్దిగా ఊగుతూ ఉంటాడు కాబట్టి కొన్ని గంటలు ముందూ వెనకా కావచ్చు. చంద్రుడి మీదున్న అపెన్నైన్ పర్వతాల వరసను పట్టుకుని చివరిదాకా వెళ్లండి. అది ఆగేచోటే ఎరటోస్తనీస్, లోపల నిండా నల్లటి నీడతో.

కొందరు ఫొటోలో దాన్ని గుంటగా కాక గుట్టగా చూశారు. వెలుగు పైనుంచి పడుతుందని మన మెదడు ముందే అనుకుంటుంది. ఫొటోలో వెలుగు వచ్చే వైపు పైకి వచ్చేలా తిప్పండి, గుట్ట గుంటవుతుంది.

ఇక జవాబు. కోపర్నికస్ తెల్లగా ఉంది కాబట్టి కొత్తది అని రాసినవాళ్లకు సగం మార్కులే ఇస్తాను. తెలుపు రాతి రకం వల్ల కూడా రావచ్చు. గట్టి సాక్ష్యం వేరే ఉంది. కోపర్నికస్ చిమ్మిన చారలు ఎరటోస్తనీస్ మీదుగా పడ్డాయి. మీద పడ్డది కొత్తది, కింద ఉన్నది పాతది. ఎరటోస్తనీస్ నల్లటి లావా మైదానాన్ని గుద్దుకుని పుట్టింది, కాబట్టి ఆ లావా దానికన్నా పాతది. ఆ లావా ఇంబ్రియమ్ అనే మహాబిలంలో నిండింది, కాబట్టి ఇంబ్రియమ్ ఇంకా పాతది. షూమేకర్, హ్యాక్‌మన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞులు 1962లో చంద్రుడి కాలవిభాగాన్ని నిలబెట్టింది సరిగ్గా ఈ ప్రాంతం మీదే. అందుకే ఇక్కడ ఇంతసేపు ఆగుతున్నాను. ఈ నాలుగు మెట్లు మీ కళ్లతో మీరే చూడగలరు.

ఇప్పుడు లెక్క సంగతి. పాత నేల ఎక్కువ దెబ్బలు తింటుంది, కొత్త నేల తక్కువ. సమాన విస్తీర్ణంలో, ఒకే పరిమాణానికి మించిన బిలాలను ఎంచి పోల్చాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

చిక్కు ఇక్కడుంది. నేను అడగకముందే ఉత్సాహంగా లెక్కపెట్టిన కొందరు, ఎరటోస్తనీస్‌కూ కోపర్నికస్‌కూ మధ్య, లావాలో దాదాపు మునిగిపోయిన స్టేడియస్ అనే పాత బిలం చుట్టూ గుంటలు కిక్కిరిసి ఉన్నాయి కాబట్టి ఆ మైదానం చాలా పాతదని తేల్చారు. ఈ తప్పు చూసిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది, ఎందుకంటే పడిన కష్టమంతా వృథా అవుతుంది. ఆ గుంటల్లో చాలావరకు ఆకాశంనుంచి విడివిడిగా వచ్చిన దెబ్బలు కావు. కోపర్నికస్ పుట్టినప్పుడు ఎగిరిన రాళ్లు తిరిగి పడి చేసినవి. వీటిని నేను పిల్లబిలాలు అంటాను.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక ముక్క నేలలో 12 అసలు బిలాలు, 60 పిల్లబిలాలు ఉన్నాయి. అన్నీ కలిపి 72 అని రాసుకుంటే లెక్క ఆరింతలైంది. గత 300 కోట్ల ఏళ్లలో దెబ్బలు సుమారుగా ఒకే వేగంతో పడ్డాయని తీసుకుంటాం కాబట్టి వయసు కూడా ఆరింతలవుతుంది. అరవై గుంటలూ పుట్టింది మాత్రం కొన్ని నిమిషాల్లో!

మిగతాచోట్లా ఇదే కథ. కుజుడి మీద జూనిల్ అనే బిలం వెడల్పు 10 కిలోమీటర్లే. 10 నుంచి 200 మీటర్ల లోపు పిల్లబిలాలు అది కోటిదాకా పుట్టించి ఉంటుందని అంచనా. గురుడి ఉపగ్రహం యూరోపా మీద చిన్న బిలాల్లో నూటికి 95కు పైగా ఇలాంటివే.

గుర్తుపట్టడం ఎలా? చంద్రుడినుంచి తప్పించుకుపోవడానికి సెకనుకు 2.4 కిలోమీటర్ల వేగం కావాలి. తిరిగి పడిన రాయి అంతకన్నా నెమ్మదిగానే పడి ఉండాలి. బయటినుంచి వచ్చే రాయి సాధారణంగా సెకనుకు పది కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తుంది. అందుకే పిల్లబిలం లోతు తక్కువ, ఆకారం వంకర. ఒంటరిగా కాక గొలుసుగానో గుంపుగానో ఉంటాయి. పక్కన బాణం ములుకులాంటి గట్లు కనబడితే ఆ ములుకు తల్లిబిలం వైపు చూపిస్తుంది. గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్తే తల్లి దొరుకుతుంది. నేను కిలోమీటరుకన్నా చిన్నవాటిని అసలు లెక్కలోకి తీసుకోను. మొదట్లో మీరూ అలాగే చేయండి.

లెక్కను ఏళ్లలోకి మార్చడానికి రాళ్లు కావాలి. అపోలో, లూనా యాత్రలు తెచ్చిన రాళ్ల వయసులతో చంద్రుడికి ఆ కొలబద్ద తయారైంది. కోపర్నికస్‌కు సుమారు 80 కోట్ల ఏళ్లని చెప్పడానికి ఆధారం అపోలో 12 నమూనాలు. 2020లో చైనా నౌక చాంగ్ఎ-5 తెచ్చిన బసాల్ట్ (లావా గడ్డకట్టిన రాయి) వయసు సుమారు 200 కోట్ల ఏళ్లని తేలాక, కొలబద్ద మధ్యలో ఖాళీగా ఉన్నచోట ఒక గుర్తు దొరికింది. ఇతర గ్రహాలకు ఈ కొలబద్దను సవరించి వాడతారు. అది వచ్చే పాఠంలో.

అభ్యాసం కొంచెం కష్టమే. శుద్ధ నవమినుంచి పౌర్ణమిదాకా ప్రతి రాత్రీ ఎరటోస్తనీస్, స్టేడియస్, కోపర్నికస్ ఉన్న ముక్కను పెన్సిల్‌తో గీయండి. ఫొటో తీస్తే సరిపోదు, గీస్తేనే కన్ను ఆగుతుంది. మబ్బు పట్టిన రాత్రి కాగితం ఖాళీగా ఉంచి తేదీ వేయండి. ఆ తర్వాత చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక లూనార్ రికానజెన్స్ ఆర్బిటర్ తీసిన ఫొటోలో అదే చోట కిలోమీటరుకు మించిన గుంటలను రెండుసార్లు లెక్కపెట్టండి: మొదట అన్నీ, తర్వాత గొలుసుల్లో, గుంపుల్లో ఉన్నవి తీసేసి. రెండు అంకెలూ పంపండి. తీసేసిన ప్రతి గొలుసుకూ తల్లి ఏదనుకున్నారో పక్కన రాయండి.