రాత్రికి రాత్రే కారు బ్యాటరీ దిగిపోతుంటే

ముందు బ్యాటరీని నిండా చార్జ్ చేసి, కొన్ని గంటలు ఆగి చూడండి, దాదాపు 12.6 వోల్టులు ఉండాలి. విడిగా ఉంచినా అది నిలవకపోతే తప్పు బ్యాటరీదే, వైర్లు వెతికి లాభం లేదు.

బండి ఆపి తాళంచెవి బయటికి తీసి, తలుపులు మూసి, నెగటివ్ కేబుల్ ఊడదీయండి. ఆ కేబుల్‌కూ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌ను (కరెంటు, వోల్టులు కొలిచే మీటర్) 10 ఆంపియర్ల సాకెట్‌తో కలపండి. అరగంట ఆగాలి. కారులోని కంప్యూటర్లు నిద్రపోయేదాకా రీడింగ్ ఎక్కువే చూపిస్తుంది. తొందరపడి మోసపోయేది ఇక్కడే. 50 మిల్లీఆంపియర్ల లోపుంటే సాధారణంగా ఫర్వాలేదు. మీటర్ ఉండగా బండి స్టార్ట్ చేయొద్దు, మీటర్ ఫ్యూజు మాడిపోతుంది.

ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్‌లోనే ఉన్నాడు. డిక్కీ లైటు, బయట బిగించిన స్టీరియో, జీపీఎస్ ముందు చూడండి. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది) లోపలి డయోడ్‌ను, అంటే కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాన్ని, అనుమానించండి.