పెద్ద కోళ్ల మందలోకి బాంటం కోళ్లను చేర్చే ముందు: చీకట్లో గూట్లో పెట్టి తలుపు మూయకండి

పోయిన వారం నాకు తెలిసిన ఒక పెంపకందారు నాలుగు బాంటం పెట్టలను, అంటే చిన్న సైజు జాతి కోళ్లను, తెచ్చుకున్నారు. అప్పటికే ఆయన దగ్గర రెండేళ్లుగా కలిసి తిరుగుతున్న తొమ్మిది పెద్ద పెట్టలు ఉన్నాయి. చీకటి పడ్డాక కొత్త కోళ్లను పాతవాటి పక్కన కర్ర మీద కూర్చోబెట్టి, గూటి తలుపు వేసి, నిశ్చింతగా నిద్రపోయారు. మరునాడు ఆరున్నరకు తలుపు తీసేసరికి రెండు చచ్చిపడి ఉన్నాయి, మూడోదాని తల మీద చర్మం లేదు, నాలుగోది గుడ్ల పెట్టె వెనుక సందులో ఇరుక్కుని ప్రాణం దక్కించుకుంది. ఆయన అజాగ్రత్తగా ఉండే మనిషి కాదు. కోళ్లు పెంచేవారిలో సగం మంది చెప్పే మాటనే, అంటే రాత్రిపూట కలిపేస్తే తెల్లవారేసరికి ఒకటైపోతాయన్న మాటనే, ఆయన అక్షరాలా పాటించారు.

మేత శుభ్రంగా ఉండాలని, నీళ్లు మార్చాలని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. నేను చెప్పదలచినది ప్రధానంగా ఆ ఒక్క పొరపాటు గురించే, ఎందుకంటే బాంటం కోళ్లు పోగొట్టుకున్నవారిలో నేను చూసిన ఎక్కువమంది అక్కడే పోగొట్టుకున్నారు.

ఆ సలహా ఎందుకు పుట్టిందో ఊహించడం కష్టం కాదు. కోడికి చీకట్లో చూపు సరిగా ఆనదు. పక్కన ఎవరు కూర్చున్నారో తెలియదు కాబట్టి రాత్రి గొడవ జరగదు, ఆ నిశ్శబ్దాన్ని మనం అంగీకారమని పొరబడతాము. కోళ్లు ఒకదానినొకటి ముఖ్యంగా తలను, తురాయిని చూసి గుర్తుపడతాయి కనుక అసలు పరిచయం వెలుతురు వచ్చాకే మొదలవుతుంది. గూటి సందుల్లోంచి తొలి వెలుగు పడగానే, అంటే సూర్యోదయానికి ముందే, అవి మేల్కొంటాయి. మనం లేచి తలుపు తీసే లోపు గడిచే ఆ అరగంటలో, గంటలో, మూడేసి కిలోల పెట్టల మధ్య ఏడువందల గ్రాముల పిట్ట ఒకటి పారిపోవడానికి చోటు లేకుండా చిక్కుకుపోతుంది. కొత్తగా వచ్చినది కూడా మూడు కిలోలదే అయితే రెండు దెబ్బలు తిని, ఒక దెబ్బ కొట్టి, ఎలాగో నిలదొక్కుకుంటుంది. ఆ సలహా కొన్నిసార్లు ఫలించినట్లు కనిపించడానికి కారణం అదే. బాంటంకు ఆ అవకాశం లేదు, ఎందుకంటే పెద్ద కోడికి హెచ్చరిక అనిపించే పొడుపే దాని కంటిని తీసేయగలదు.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. కోళ్ల మందలో పైచేయి, కిందిచేయి అనే వరుస ఉంటుందని నార్వేకు చెందిన జంతు శాస్త్రవేత్త షెల్డెరుప్ ఎబ్బె 1920ల తొలినాళ్లలోనే వివరించారు. ఆ వరుస మొత్తం మందకు ఒకేసారి తేలేది కాదు, ప్రతి రెండు కోళ్ల మధ్య విడివిడిగా తేలవలసినది. తొమ్మిది పెట్టల మందలోకి వచ్చిన కొత్త కోడి తొమ్మిదింటితోనూ తేల్చుకోవాలి. ఆరుబయట ఆ పని వారం పది రోజుల్లో, పరుగులతోనూ తప్పుకోవడాలతోనూ, పెద్దగా రక్తం చిందకుండా పూర్తవుతుంది. మూసిన గూట్లో అదే పని ఒక్క ఉదయం జరుగుతుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను: వాటి మొదటి కలయిక మూసిన గూట్లో జరగకూడదు, రాత్రి జరగకూడదు, మీరు లేనప్పుడు జరగకూడదు.

విడిగా ఉంచే రోజులు

కొత్త కోళ్లను మొదటి 30 రోజులు పాత మందకు దూరంగా, వేరే గాలి, వేరే నేల, వేరే గిన్నెలతో ఉంచండి. జబ్బు నుంచి కోలుకున్న కోడి చూపుకు ఆరోగ్యంగా కనిపిస్తూనే మైకోప్లాస్మా, కొరైజా అనే శ్వాసకోశ జబ్బులను మోసుకురాగలదు. ప్రయాణపు ఒత్తిడిలో ఆ లక్షణాలు బయటపడడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. రెక్కల కింద, మలద్వారం చుట్టూ ఈకలు విడదీసి పేల కోసం చూడండి. మైట్లు అనే సన్నని రక్తం పీల్చే పురుగుల్లో కొన్ని పగలు గూటి పగుళ్లలో దాక్కుని రాత్రి మాత్రమే రక్తం తాగుతాయి కాబట్టి చీకటి పడ్డాక టార్చి వేసి కర్రల అడుగు భాగాన్ని కూడా పరిశీలించండి. రోజూ ముందు పాత కోళ్ల పని ముగించుకుని, ఆ తరువాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లండి. చెప్పులు మార్చుకోండి.

ఈ నెల రోజులలో ఒక్కొక్క బాంటంను తూచి బరువు రాసి పెట్టుకుంటే తరువాత చాలా మేలు జరుగుతుంది. దట్టమైన ఈకల కింద చిక్కిపోయిన ఒళ్లు కంటికి ఆనదు. కొచ్చిన్ బాంటం వంటి గుండ్రని జాతులైతే రొమ్ము ఎముక కత్తిలా తేలిన తరువాత కూడా బొద్దుగానే కనిపిస్తాయి.

వలకు అటూ ఇటూ

నెల గడిచాక దొడ్డిలోనే ఇనుప వలతో ఒక భాగాన్ని వేరు చేసి బాంటం కోళ్లను అందులో ఉంచండి. రెండు వర్గాలూ పగలంతా ఒకదానినొకటి చూసుకోవాలి, వినాలి, అయితే తాకకూడదు. వల కంత ఒక సెంటీమీటరు, మరీ అయితే ఒకటిన్నర సెంటీమీటర్లు దాటకూడదు. అంతకంటే పెద్దదైతే బాంటం తల అవతలికి పెడుతుంది, అవతల ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు. వలకు ఇరువైపులా, ఎదురెదురుగా మేత గిన్నెలు ఉంచితే కొత్తవాటిని చూస్తూనే ప్రశాంతంగా తినడం పెద్ద కోళ్లకు అలవాటవుతుంది.

ఈ దశకు రెండు వారాలు తక్కువ కాకుండా ఇవ్వండి. వల దగ్గరకు ఉరికి వచ్చి పొడిచే పెట్ట ఒక్కటైనా మిగిలి ఉన్నంత కాలం గడువు ముగిసినట్లు కాదు. చాలామంది నాలుగో రోజుకే విసిగిపోతారు. విసిగిపోయినవారే మళ్లీ ఆ రాత్రి ఉపాయం వైపు మొగ్గుతారు.

మొదటి కలయిక

దొడ్డి తలుపు కూడా తెరిచి, అన్నింటికీ వీలైనంత విశాలమైన చోటు ఇచ్చి, పొద్దుగూకడానికి రెండు గంటల ముందు వల తీయండి. పెద్ద కోళ్ల ధ్యాస గడ్డి మీద, పురుగుల మీద ఉంటుంది. గొడవ రాజుకునే లోపే పొద్దు వాలుతుంది. చీకటి పడేలోపు బాంటం కోళ్లను తిరిగి వాటి భాగంలోకి మళ్లించి వల మూసేయండి. ఆ రెండు గంటలూ మీరు అక్కడే కూర్చోవాలి.

తల మీద ఒక పొడుపు, చిన్నది తప్పుకోవడం, పెద్దది మళ్లీ మేతలో పడడం మామూలే. అందులో మీరు జోక్యం చేసుకుంటే ఆ లెక్క ఎప్పటికీ తేలదు. అయితే తప్పుకున్న తరువాత కూడా వెంటాడడం, ఈకలను ముక్కుతో పట్టి వదలకపోవడం, రెండు మూడు కలిసి ఒక్కదాన్ని మూలకు నెట్టడం, లేదా ఒక్క రక్తపు చుక్క కనిపించడం జరిగితే ఆ రోజుకు అక్కడితో ఆపండి. ఎర్రని గాయం కోళ్లన్నింటినీ ఆకర్షిస్తుంది, మొదటి పొడుపు పొడిచినది ఆగినా మిగిలినవి ఆగవు.

దొడ్డిలో చిన్నవాటికి ఆశ్రయం ఉండాలి. పలకతోనో పాత పెట్టెతోనో, సుమారు 12 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పున్న ద్వారాలతో, బాంటం దూరగలిగి పెద్ద పెట్ట దూరలేని చోటు ఒకటి చేయండి. మీ కోళ్ల జాతులను బట్టి ఆ కొలతను ముందే సరిచూసుకోండి. దానికి రెండు ద్వారాలు తప్పనిసరి, ఎందుకంటే ఒకే ద్వారం ఉంటే పెద్దది బయట కాపు కాస్తుంది, లోపలిది ఆకలితో ఉండిపోతుంది.

రాత్రి మాత్రం బాంటం కోళ్లు వేరుగానే పడుకోవాలి. పగటిపూట పది రోజులు వరుసగా వెంటాడడం లేకుండా గడిచాక గూటి లోపలే ఒక వల పంజరంలో వాటిని పడుకోబెట్టండి. మరికొన్ని రాత్రుల తరువాతే పంజరం తలుపు తెరిచి ఉంచండి. అలా తెరిచి ఉంచిన మొదటి వారమంతా, తొలి వెలుగు రాకముందే గూటి తలుపు తీయడానికి మీరు లేవాలి. అలా లేవలేని వారం అయితే ఆ పని మరో వారానికి వాయిదా వేయండి. తెల్లవారుజామున మూసిన తలుపు గురించి నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానో మొదటి పేరా మరోసారి చదివితే తెలుస్తుంది.

ఇక మిగిలినవి, గుర్తుకు వచ్చిన వరుసలో

– ఒక్క బాంటంను ఎన్నడూ చేర్చకండి. కనీసం మూడు ఉండాలి. దెబ్బలు పంచుకోవడానికే కాదు, కర్ర మీద పక్కన కూర్చోవడానికి తోడు ఉండాలి.

– బరువైన జాతి పుంజు ఉన్న మందలో బాంటం పెట్టలను వదలకండి. నాలుగు కిలోల పుంజు అర కిలో పెట్ట మీదకు ఎక్కితే ఆ పెట్ట పక్కలు చీరుకుపోవచ్చు, వెన్ను విరగవచ్చు. పుంజుకు ద్వేషం ఉండనక్కరలేదు, దాని బరువు చాలు.

– బాంటం పుంజు చిన్నది కదా అని తేలికగా తీసుకోకండి. అది పెద్ద పుంజుతో తలపడుతుంది, వెనక్కి తగ్గదు, చస్తుంది.

– తల మీద ఈకల కుచ్చు ఉన్న సిల్కీ, పోలిష్ వంటి జాతులకు పక్క నుంచి, పై నుంచి వచ్చే దెబ్బ కనిపించదు. కళ్ల మీద పడే ఈకలను కత్తిరించండి. సిల్కీ ఎగరలేదు కాబట్టి ఎత్తుకు పారిపోతుందన్న నమ్మకం పెట్టుకోకండి.

– పిల్లలను అసలు వదలకండి. బాంటం పిల్లలు పూర్తిగా ఎదిగేదాకా ఆగాలి, 16 వారాల లోపు ఆ ఆలోచనే వద్దు.

– వయసు రాని బాంటంలు మందలో ఉంటే గుడ్లు పెట్టే కోళ్ల దాణా అందరికీ వేయకండి. అందులో సుమారు 3.5 నుంచి 4 శాతం ఉండే కాల్షియం ఎదిగే కోళ్ల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎదిగే కోళ్ల దాణా అందరికీ వేసి, ఆల్చిప్పల పొడిని వేరే గిన్నెలో ఉంచితే గుడ్లు పెట్టేవి తమకు కావలసినంత తీసుకుంటాయి.

– మేత గిన్నెలు కనీసం మూడు, నీటి గిన్నెలు కనీసం రెండు ఉండాలి. ఒకదాని దగ్గర నిలబడిన పెట్టకు మరొకటి కనిపించకూడదు. మూడు గిన్నెలు వరుసగా పెడితే ఒక్క పెట్ట మూడింటినీ ఏలుతుంది.

– ప్రతి సాయంత్రం ప్రతి బాంటంను చేతిలోకి తీసుకుని మెడ కింద, రొమ్ముకు పైన ఉండే మేత సంచిని తడమండి. నిండుగా ఉంటే సరే. ఖాళీగా ఉంటే ఆ రోజంతా దానిని ఎవరో తిననివ్వలేదని అర్థం, ఎక్కడా గాయం లేకపోయినా సరే. పస్తు వల్ల పోయే బాంటం కంటికి కనిపించకుండా పోతుంది.

– గొడవ పడుతున్నప్పుడు దెబ్బలు తినేదాన్ని కాదు, దెబ్బలు కొట్టేదాన్ని తీయండి. దానిని మందకు కనిపించకుండా అయిదారు రోజులు ఉంచితే తిరిగి వచ్చేసరికి దాని స్థానం సడలి ఉంటుంది. చిన్నదాన్ని తీసి మళ్లీ వదిలితే అది మళ్లీ కొత్త కోడి అవుతుంది.

– కూర్చునే కర్రలు ఒకే ఎత్తులో కాకుండా రెండు ఎత్తుల్లో ఉంటే తేలికైనవి పైకి చేరి తప్పించుకుంటాయి. ఒకసారి కుదురుకున్నాక ఆరు వందల గ్రాముల పెట్ట ఒకటి పై కర్ర నుంచి పెద్ద పెట్టలన్నింటినీ అదలించడం నేను చూశాను. అంతవరకు బతికించుకోవడమే మన పని.

– వేసవి తీవ్రతలో కలపకండి. ఈకలు రాల్చే కాలంలో కలపకండి. మందలో ఏ పెట్టయినా పొదుగుతూ ఉంటే అది లేచేదాకా ఆగండి.

– పెద్ద కోడిని ఆపే కంచె బాంటంను ఆపదు. అది సందులోంచి దూరుతుంది, రెండు మీటర్ల కంచె మీదకు ఎగురుతుంది. పెద్ద పెట్ట జోలికి రాని పిల్లి, గద్ద బాంటం జోలికి వస్తాయి. దొడ్డి పైన వల వేయండి.

– రక్తం కనిపించిన కోడిని వెంటనే వేరు చేయండి. ఉప్పునీటితో కడగండి. కన్ను, పుర్రె, పొట్ట దెబ్బతింటే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. గాయం మీద కొత్త చర్మం వచ్చి ఈకలు మొలిచేదాకా మందలోకి పంపకండి.

– కొత్తవి రెండు మూడు వారాలు గుడ్లు పెట్టకపోతే కంగారుపడకండి. మేత మానేస్తే మాత్రం కంగారుపడండి.

– గూడు పెద్ద కోళ్లకే ఇరుకుగా ఉంటే, అంటే ఒక్కొక్క దానికి నాలుగు చదరపు అడుగుల నేల కూడా లేకపోతే, పై జాగ్రత్తలన్నీ వృథా. బాంటంలకు వేరే గూడు కట్టండి.

– నెల దాటినా ఒక్క పెట్ట మాత్రం వెంటాడడం మానకపోతే, రాజీ కోసం మరో నెల చూడకండి. ఆ పెట్టనో, బాంటంలనో, ఎవరినో ఒకరిని శాశ్వతంగా వేరు చేయండి.

– ఊరికి వెళ్లవలసి వచ్చి కోళ్లను మరొకరికి అప్పగిస్తే, బాంటంలు రాత్రి ఎక్కడ పడుకుంటాయో, పంజరం తలుపు ఎవరు మూయాలో కాగితం మీద రాసి గూటి తలుపుకే అంటించండి. నోటితో చెప్పి ఊరుకోకండి. చీకటి పడ్డాక అన్నింటినీ ఒకే గూట్లోకి తోలి తలుపు వేయడమే చూసుకునేవారికి సహజంగా తోచే పని.