ట్యూబ్యులిన్ పాఠాలు – 3: కాగితం చుట్టి కుట్టు వెతుకుదాం

గత పాఠం చివర ఇచ్చిన లెక్క ఇది: కణంలో ఉండే సన్నని ప్రొటీన్ గొట్టం, అంటే సూక్ష్మనాళిక, ఒక మైక్రోమీటరు పొడవుంటే అందులో ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ జంటలు ఎన్ని? జవాబు 1,625. ఆల్ఫా, బీటా ట్యూబ్యులిన్ల జంట పొడవు 8 నానోమీటర్లు కాబట్టి జంటలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే పోగు మైక్రోమీటరు పొడవుంటే, ఒక్కోదానిలో 125 జంటలు పడతాయి. సూక్ష్మనాళికలో అలాంటి పోగులు 13. జంటలకు బదులు విడి అణువులను లెక్కించి 3,250 అని రాసినవారికి గుణకారం వచ్చు, ప్రశ్న చదవడంలోనే తొందర.

ఈసారి ఆ గొట్టాన్ని చేతులతో చేద్దాం. ఏ4 కాగితం, స్కేలు, రెండు రంగుల పెన్సిళ్లు, కత్తెర, పారదర్శక టేపు చాలు. 4 నానోమీటర్లను 1 సెంటీమీటరుగా తీసుకుందాం. అప్పుడు ఒక్కో ట్యూబ్యులిన్ అణువు సెంటీమీటరు ఎత్తున్న గడి అవుతుంది.

కాగితం నిలువుగా పెట్టి, పోగుకొకటి చొప్పున, 1.3 సెం.మీ. వెడల్పున 13 పట్టీలు గీయండి. మొదటి పట్టీ అడుగున 4 సెం.మీ. వదిలి, అక్కడి నుంచి పైకి ఆల్ఫా, బీటా, ఆల్ఫా, బీటా అంటూ రంగులు వేయండి. పై గడి బీటా కావాలి. ప్లస్ కొస, అంటే గొట్టం వేగంగా పెరిగే కొస, అదే. కుడివైపు పట్టీలోనూ ఇదే వరుస, కాకపోతే గళ్లన్నీ 2.3 మి.మీ. కిందికి దిగాలి. ఆ పక్కది మరో 2.3 మి.మీ. ఇలా పదమూడో పట్టీ దాకా.

మొదటిసారి నేను ఈ దిగుడును పట్టించుకోలేదు. గళ్లన్నీ సమంగా గీశాను. గొట్టం చూడముచ్చటగా వచ్చింది, కుట్టు, అంటే అంచులు కలిసేచోట రంగులు తప్పే గీత, మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

ఇప్పుడు రెండు పక్కలా మిగులు కాగితం కత్తిరించి, రంగులు బయటికి ఉండేలా చుట్టి, అంచులు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా టేపు వేయండి. గొట్టం తిప్పి చూడండి. పక్కపక్క పట్టీల్లో ఆల్ఫా పక్కన దాదాపు ఆల్ఫాయే, బీటా పక్కన బీటాయే. టేపు వేసిన చోట మాత్రం ఆల్ఫాకు బీటా తగులుతోంది. పదమూడు దిగుళ్లు కలిస్తే దాదాపు 30 మి.మీ., అంటే మూడు గళ్లు. ఆ మూడు బేసి సంఖ్య కావడం వల్లే ఇదంతా. రెండో నాలుగో అయితే రంగులు కలిసిపోయేవి.

గళ్ల లుంగీలో కుట్టు దగ్గర గళ్లు కలవకపోతే దర్జీని అంటాం. ఇక్కడ కలవకపోతేనే పని సరిగ్గా జరిగినట్టు. కాబట్టి రంగులు కలపడానికి ఒక అంచును పైకి జరపకండి.

కణంలో పోగులు ఎక్కువగా పదమూడే ఎందుకు? ట్యూబ్యులిన్లలోనే మరో రకమైన గామా ట్యూబ్యులిన్ వలయం అచ్చులా అడుగున ఉండి ఆ సంఖ్యను నిర్ణయిస్తుంది. అచ్చు లేకుండా పరీక్షనాళికలో పెరిగినవాటిలో 14 పోగులవీ చాలా కనిపిస్తాయి.

వచ్చే పాఠానికి పని: 14 పట్టీలతో ఇంకో గొట్టం చేయండి. దిగుడు మొత్తం 32.2 మి.మీ. అవుతుంది, గళ్లు మూడింటి దగ్గర సరిగ్గా కుదరవు. కుదరాలంటే పట్టీలను ఎటు, ఎంత వాలుగా పెట్టాలో కొలిచి రాసుకోండి.